రఫ్తార్‌కు గుడ్డ లగాం

మా ఆపా కొడుక్కి బండ్లంటే షౌక్. పందొమ్మిదేళ్ళు. మొన్న జుమ్మా నాడు ఇంటికొచ్చి ఫోన్‌లో ఒక వీడియో పెట్టాడు. "మామూ, యే దేఖో! కారు వెనక గొడుగు తెరుచుకుంది" అన్నాడు. అమెరికాలో జరిగే డ్రాగ్ రేస్ అది. పొడుగ్గా, సన్నగా ఉన్న కారు నాలుగు సెకన్లలోపే గీత దాటేసింది. గంటకు 500 కిలోమీటర్ల పైన రఫ్తార్. ఆ వెంటనే దాని వెనక రెండు పారాచూట్లు విచ్చుకున్నాయి. వాడి కళ్ళు ఇంజను మంటల మీద, నా కళ్ళు ఆ గుడ్డ మీద. ఆ గుడ్డ కథ చదివి, తర్వాత వాడికి చెప్పాను. అదే మీకూ చెబుతున్నాను.

పారాచూట్ అంటే ఆకాశం నుంచి దిగడానికే అనుకుంటాం. కానీ దాన్ని బ్రేకులా వాడిన మొదటి తజుర్బా నేల మీద, ఒక కారుతోనే జరిగింది. రష్యాలో గ్లెబ్ కోతెల్నికోవ్ అనే ఆయన ఉండేవాడు. 1910లో ఒక పైలట్ విమానం నుంచి పడి చనిపోవడం కళ్ళారా చూశాడు. ఆ గమ్‌లోంచే వీపుకు కట్టుకునే పారాచూట్ తయారు చేశాడు. 1912లో సార్‌స్కోయే సెలో దగ్గర రోడ్డు మీద రుస్సో-బాల్ట్ కారును పూర్తి వేగంతో తోలించి, వెనక కట్టిన పారాచూట్ తెరిపించాడు. గుడ్డకు కారును పట్టి ఆపే తాకత్ ఉందని అందరి ముందూ తేలిపోయింది.

తర్వాత దాన్ని విమానాలు తీసుకున్నాయి. పొట్టి రన్‌వేల మీద, మంచు మీద దిగే విమానాలకు తోక దగ్గర పారాచూట్ కట్టారు. రేసు కార్లకు మాత్రం అది రావడానికి దాదాపు యాభై ఏళ్ళు పట్టింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక కాలిఫోర్నియా కుర్రాళ్ళు విమానాల రన్‌వేల మీద పావు మైలు పందేలు మొదలుపెట్టారు. 1951లో వాళ్ళకో సంస్థ ఏర్పడింది, దాని పేరు ఎన్‌హెచ్‌ఆర్‌ఏ. ఏటేటా ఇంజన్ల జోరు పెరిగింది. బ్రేకులు ఉన్నచోటే ఉండిపోయాయి. 1958లో బిల్ సింప్సన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు రేసులో కారు గుద్దుకుని రెండు చేతులూ విరగ్గొట్టుకున్నాడు. మంచం మీద పడ్డాక గానీ ఆగడం గురించి ఫికర్ మొదలవలేదు. లేచాక కుట్టు మిషను కిరాయికి తెచ్చుకుని, సైన్యం అమ్మేసిన పాత గుడ్డతో పారాచూట్ కుట్టాడు. అదే రోజుల్లో జిమ్ డైస్ట్ కూడా రేసు కార్లకు పారాచూట్లు చేశాడు.

సింప్సన్ మొదటి పరీక్ష గురించి ఒక కిస్సా చెబుతారు. స్నేహితుడు కారు తోలుతుంటే వెనక నుంచి పారాచూట్ వదిలాడట. గుడ్డ మరీ పెద్దది. కారు గాల్లోకి లేచి వెళ్ళి మొక్కల నర్సరీలో పడింది. ఇద్దరినీ పోలీసులు పట్టుకుపోయారు. పెద్ద పారాచూట్ అయితే ఎక్కువ హిఫాజత్ అనుకుంటాం కదా, అలా కాదు. కారు బరువెంత, గీత దాటేటప్పుడు వేగమెంత, ఈ రెండూ లెక్క చూసి గుడ్డ ఎంచుకోవాలి. ఆకారం కూడా ముఖ్యమే. నిండు గుండ్రటి గుడ్డ అటూ ఇటూ ఊగి కారును ఊపేస్తుంది. ప్లస్ గుర్తులా కుట్టిన గుడ్డ సందుల్లోంచి గాలిని వదులుతూ నిలకడగా లాగుతుంది.

కట్టడం ఇంకో హునర్. పారాచూట్ లాగే గీత కారు బరువు కేంద్రం గుండా పోవాలి. అంతకన్నా కింద కడితే వెనక చక్రాలు నేల వదిలేస్తాయి. పైన కడితే ముందు చక్రాలు తేలిపోతాయి. తాడు పొట్టిదైతే కారు వెనక తిరిగే గాలి సుడిలో గుడ్డ చిక్కుకుని సరిగా తెరుచుకోదు. ముందు స్ప్రింగు తన్నిన చిన్న పారాచూట్ గాల్లోకి ఎగిరి, పెద్దదాన్ని సంచిలోంచి బయటికి లాగాలి. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కాయిదా ప్రకారం గంటకు 150 మైళ్ళు దాటే కారుకు ఒక పారాచూట్, 200 మైళ్ళు దాటితే రెండు తప్పనిసరి. ఆ రెంటినీ ఒకేచోట బిగించకూడదు. అక్కడ తెగితే రెండూ ఒకేసారి పోతాయి.

గాలి పట్టు వేగంతో పాటు మారుతుంది. వేగం సగమైతే పారాచూట్ పట్టు పావుకు పడిపోతుంది. అందుకే మొదటి లాగుడు గుడ్డది, చివరి ఆపుడు బ్రేకులది. ఒకటి రెండోదానికి బదులు కాదు.

అన్నీ ఉన్నా ఒక్కోసారి చాలవు. 1964 అక్టోబర్ 15న యూటాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో క్రెయిగ్ బ్రీడ్‌లవ్ సగటున 526 మైళ్ళ వేగంతో రికార్డు కొట్టాడు. అదే పరుగు చివర పారాచూట్లు పోయాయి. కారు స్తంభాన్ని విరగ్గొట్టుకుంటూ వెళ్ళి ఉప్పునీటి మడుగులో మునిగింది. ఆయన ఈదుకుంటూ బయటికొచ్చాడు. 2008 జూన్‌లో న్యూజెర్సీలో స్కాట్ కలిట్టాకు ఆ కిస్మత్ దక్కలేదు. ఇంజను పేలింది, పారాచూట్లు ఆదుకోలేదు, ట్రాక్ చివర దాటిపోయి చనిపోయాడు. ఆ తర్వాత అతి వేగం కార్లకు పరుగును 1320 అడుగుల నుంచి 1000 అడుగులకు తగ్గించారు. మిగిలిన 320 అడుగులూ ఆగడానికి వదిలేశారు. రఫ్తార్ అంటే పడిచచ్చేవాళ్ళే ఆ పని చేశారు.

ఇదంతా చదువుతుంటే నాకు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ యాదికొచ్చాడు. తొమ్మిదో శతాబ్దపు కుర్తుబాలో రెక్కలు కట్టుకుని ఎగిరాడని మనం ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఆ సంగతి రాసిన అల్ మక్కరీ ఇంకో మాట కూడా రాశాడు. దిగేటప్పుడు ఆయన వీపుకు దెబ్బ తగిలిందట. పక్షి దిగడానికి తోక కావాలన్న సంగతి ఆయన గమనించలేదట. మన జల్సాల్లో ఎగిరిన ముక్క వినిపిస్తుంది, దిగిన ముక్క వినిపించదు.

వీడు అంతా విని కాసేపు ఊరుకున్నాడు. షబె బరాత్ రాత్రి హైదరాబాద్‌లో ఫ్లైఓవర్లు ఎందుకు మూస్తారో వాడికి తెలుసు. ఇబాదత్‌కు మేలుకోవాల్సిన రాత్రి మన పిల్లలు బండ్ల మీద పందేలు వేస్తారని. ఆ బండ్లకు పారాచూట్ లేదు, ఆగడానికి ఖాళీ ట్రాక్ లేదు, ఎదురుగా వచ్చేవాడికి తాను పందెంలో ఉన్నట్టే తెలియదు. ఇంట్లో అమ్మీ మాత్రం తలుపు చప్పుడు కోసం మేలుకునే ఉంటుంది.

"నీ బండి బ్రేకులు ఎప్పుడు చూపించావురా?" అని అడిగాను.

"సైలెన్సర్ మార్చినప్పుడు చూపిద్దామనుకున్నా మామూ" అన్నాడు తల దించుకుని.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కలిసి మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. వెనక బ్రేకు ఎప్పుడో అరిగిపోయి ఉంది.