గౌతు లచ్చన్న: గీత వృత్తి నుంచి స్వతంత్ర పార్టీ దాకా

ఈ పాఠం చదవడానికి ముందు ఒక చిన్న పని చేయండి. స్వతంత్ర పార్టీ అనగానే మీకు తోచే మాటలు నాలుగైదు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. పాఠం చివర దానితో పని ఉంది.

నేను తరగతిలో పాఠం చెప్పిన రోజుల్లో ఈ ప్రశ్న అడిగితే దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పేవారు: రాజాలు, జమీందార్లు, పారిశ్రామికవేత్తలు కలిసి పెట్టుకున్న పార్టీ. పరీక్ష పేపర్లలోనూ అదే వాక్యం కనిపించేది. ఆ వాక్యం పూర్తిగా తప్పు కాదు. జైపూర్ మహారాణి గాయత్రీదేవి, బీహారులో రామ్‌గఢ్ రాజా, ఒరిస్సాలో పూర్వ సంస్థానాధీశులు ఆ పార్టీలో ఉన్నారు. బొంబాయి వ్యాపార వర్గాల ఆదరణా ఉంది. అయితే ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి ప్రజల్లో పట్టు తెచ్చిన నాయకుడు తాటిచెట్టు ఎక్కే కుటుంబంలో పుట్టినవాడు. ఈ రెండు సంగతులూ ఎలా పొసిగాయి? ఈ పాఠంలో మనం పరిశీలించేది అదే.

ముందుగా ఒక పదం సంగతి. రాజనీతి శాస్త్ర గ్రంథాల్లో ‘స్వేచ్ఛావాద మొగ్గుగల సంప్రదాయవాది’ అనే వర్ణన మీకు ఎదురవుతుంది. ఆస్తి హక్కును గౌరవించాలనీ, ప్రభుత్వం పౌరుడి వృత్తిలో, వ్యాపారంలో వీలైనంత తక్కువగా జోక్యం చేసుకోవాలనీ, మార్పు మెల్లగా రావాలనీ కోరేవారిని అలా పిలుస్తారు. అమెరికా రాష్ట్రాల శాసనసభల్లో ఇటువంటి సభ్యులు చాలామంది కనిపిస్తారు. మన దేశంలో ఆ ధోరణికి దగ్గరగా వచ్చిన పెద్ద పార్టీ స్వతంత్ర పార్టీయే. అయితే పార్టీ పత్రాల్లోని సిద్ధాంతం ఒకటి, ఆ పార్టీ టికెట్టు మీద గెలిచిన మనిషి బతుకు ఒకటి. లచ్చన్న విషయంలో రెండోదాన్నే ముందు చూడాలి.

బారువ నుంచి మందస దాకా

గౌతు లచ్చన్న 1909 ఆగస్టు 16న బారువలో జన్మించారు. సోంపేట దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఈ ఊరు అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది, తరువాత శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 1930 ఉప్పు సత్యాగ్రహంతో జాతీయోద్యమంలోకి వచ్చి జైలుకు వెళ్లారు. ఆచార్య ఎన్.జి. రంగాను గురువుగా భావించి రైతు ఉద్యమంలో పనిచేశారు. అఖిల భారత కిసాన్ సభ మహాసభ 1940లో పలాసలో జరిగినప్పుడు లచ్చన్న కూడా అందులో పనిచేశారు. ఆ రోజుల్లోనే పక్కనున్న మందస జమీందారీలో అడవి కలప గురించి రైతులకూ జమీందారు యంత్రాంగానికీ తగాదా ముదిరింది. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగి వీరగున్నమ్మతో పాటు మరికొందరు చనిపోయారు. లచ్చన్న రాజకీయ చైతన్యం రూపుదిద్దుకున్నది ఈ నేల మీద, జమీందారీకి ఎదురునిలిచిన రైతుల మధ్య. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఇరవై ఏళ్ల తరువాత ఆయన రాజాలతో కలిసి ఒకే పార్టీలో కూర్చున్నప్పుడు ఇది మళ్లీ అడ్డువస్తుంది.

1951లో రంగా కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి కృషికార్ లోక్ పార్టీ స్థాపించారు. 1952 ఎన్నికల్లో ఆ పార్టీకి మద్రాసు శాసనసభలో 15 స్థానాలు దక్కాయి. సోంపేట నుంచి గెలిచిన లచ్చన్న వారిలో ఒకరు.

ఒక్క ఓటు

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం. దీన్ని కాస్త నిదానంగా చదవండి. లచ్చన్న ‘స్వేచ్ఛ’ అన్నప్పుడు ఆయన మనసులో ఏముందో ఇక్కడే బయటపడుతుంది.

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధాన్ని 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టినవారు రాజాజీ. 1948 నాటికి అది రాష్ట్రమంతటికీ విస్తరించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ చట్టం కూడా వారసత్వంగా వచ్చింది. నిషేధం సారాకే కాదు, కల్లుకూ వర్తించింది. గోదావరి జిల్లాల శెట్టిబలిజలు, రాయలసీమ ఈడిగలు, ఉత్తర కోస్తాలోని యాతలు, సెగిడులు, మరికొన్ని చోట్ల గౌడలు తరతరాలుగా చేస్తున్న పని ఒక్కసారిగా నేరమైంది. నీరా తీసి తాటిబెల్లం వండుకోవడానికి సహకార సంఘాల ద్వారా కొంత వెసులుబాటు ఇచ్చారు. కుండకు లోపల సున్నం పూస్తే నీరా పులియదు, పులియకపోతే అది కల్లు కాదు. కాగితం మీద చక్కని ఏర్పాటే. కానీ చెట్టు మీది కుండలో ఉన్నది నీరానా కల్లా అని తేల్చవలసింది కింద నిలబడ్డ పోలీసు జవాను. ఆ తేల్చడం ఎలా జరిగి ఉంటుందో మీరే ఊహించుకోగలరు. గీతగాళ్లు పెద్ద సంఖ్యలో కేసుల్లో ఇరుక్కున్నారు, జైళ్లకు వెళ్లారు.

నిషేధానికి ముందున్న అబ్కారీ పద్ధతి మాత్రం స్వర్గమేమీ కాదు. చెట్టుకు ఇంతని పన్ను, దుకాణాలకు వేలంపాట, పాట పాడిన కాంట్రాక్టరు కింద గీతగాడి కూలి బతుకు. అంటే గీత వృత్తిలో ఉన్నవాడికి ప్రభుత్వం రెండు రూపాల్లోనే తెలుసు. ఒకటి పన్ను వసూలు చేసేది, రెండోది జైలుకు పంపేది. తరువాతి కాలంలో రాజాజీ పర్మిట్, లైసెన్స్, కోటా రాజ్యం అని విమర్శించినదాన్ని బొంబాయి మిల్లు యజమాని కార్యాలయపు కుర్చీలో కూర్చుని అనుభవించాడు. బారువ గీతగాడు చెట్టు మొదట్లో నిలబడి అనుభవించాడు. ఈ పోలికను నేను కావాలనే చేస్తున్నాను. లచ్చన్న ఆ పార్టీలో ఎందుకు ఇమడగలిగారో నాకు దీని వల్లనే అర్థమైంది.

ఆంధ్ర ప్రభుత్వం మద్యనిషేధం పనితీరు పరిశీలించడానికి ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. నిషేధాన్ని ఎత్తివేయాలని సంఘం సిఫారసు చేసింది. ప్రకాశం మంత్రివర్గం దాన్ని అమలు చేయలేదు. గీత కార్మికుల ఆందోళనకు లచ్చన్న నాయకత్వం వహించారు. చివరికి 1954 నవంబరు 6న అవిశ్వాస తీర్మానం మీద ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కమ్యూనిస్టులు, కృషికార్ లోక్ పార్టీ వారు ఆ రోజు ఒకే వైపు ఉన్నారు. నాలుగు నెలలు తిరిగేసరికి 1955 ఎన్నికల్లో కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌తో చేయి కలిపి కమ్యూనిస్టులను ఓడించింది. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. వస్తే మంచిదే. కల్లు గీసుకునే హక్కు స్వేచ్ఛే అయితే, తాగివచ్చిన భర్త చేతిలో దెబ్బలు తినే భార్య స్వేచ్ఛ సంగతేమిటి? 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం సరిగ్గా ఈ ప్రశ్ననే అడిగింది. లచ్చన్న పక్షం వాదనలో దీనికి తృప్తికరమైన సమాధానం లేదని నా అభిప్రాయం. కల్లుకూ సారాకూ తేడా ఉందనీ, కల్లు ఇంటి పట్టున జరిగే కులవృత్తి అనీ వారు చెప్పే జవాబులో కొంత నిజం ఉంది, మొత్తం లేదు. అయితే ఒక సంగతి మరవకండి. 1954లో శిక్ష పడింది ప్రధానంగా తాగినవాడికి కాదు, చెట్టెక్కినవాడికి.

స్వతంత్ర పార్టీలోకి

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయానికీ, భూపరిమితికీ అనుకూలంగా తీర్మానించింది. ఆ సభలోనే ఉత్తరప్రదేశ్ నాయకుడు చరణ్‌సింగ్ దాన్ని వ్యతిరేకించారు. అప్పటికి కాంగ్రెస్‌లోకి తిరిగి వెళ్లివున్న రంగా రాజీనామా చేశారు. 1959 జూన్‌లో మద్రాసులో రాజాజీ కొత్త పార్టీని ప్రకటించగా, రంగా దానికి తొలి అధ్యక్షుడయ్యారు, మినూ మసాని ప్రధాన కార్యదర్శి అయ్యారు. గురువు వెంట లచ్చన్న నడిచారు.

సహకార వ్యవసాయం అనే మాట రైతుకు ఎందుకు భయం పుట్టించింది? 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీందారీ రద్దయింది. జమీందారు కింద పట్టా లేకుండా నలిగిన రైతుకు తన పేరు మీద భూమి అనే మాట దక్కి పదేళ్లే అయింది. ఇంతలో గట్లు తీసేసి అందరి పొలాలూ కలుపుతారట అన్న వార్త వచ్చింది. తీర్మానంలో బలవంతం లేదని కాంగ్రెస్ వారు ఎంత చెప్పినా గ్రామంలో దాన్ని నమ్మినవారు తక్కువ. కాబట్టి మందసలో జమీందారుకు ఎదురునిలిచిన ఉద్యమం, 1959లో ఆస్తి హక్కు కోసం లేచిన గొంతు ఒకదానికొకటి విరుద్ధమని తొందరపడి రాయకండి. రెండు చోట్లా రైతు అడిగింది ఒక్కటే: నా పొలం మీద పెత్తనం నాది.

విరుద్ధం కానిది ఇంతవరకే. ఆ పొలం ఎంత ఉండవచ్చు అన్న ప్రశ్న వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. రెండెకరాల రైతుకూ, రెండు వందల ఎకరాల భూస్వామికీ పార్టీ ఒకే కవచం తొడిగింది. 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణ రైత్వారీ భూములను కూడా ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి తెచ్చి, అనేక భూసంస్కరణ చట్టాలను తొమ్మిదో షెడ్యూలులో చేర్చింది. రంగా, ఆయన పార్టీ దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. చిన్న రైతు పేరు మీద జరిగిన ఆ పోరాటంలో లాభం ఎక్కువగా ఎవరికి చేరేది? భూమి లేని కూలికి ఆ పార్టీ ఏమి ఇచ్చింది? లచ్చన్న వంటి నాయకుడు ఉండి కూడా ఆ పార్టీ ఈ ప్రశ్నను దాటవేసింది. వెనుకబడిన కులాల నుంచి వచ్చిన నాయకుడి చరిత్ర రాసేటప్పుడు ఈ లోపాన్ని మర్యాద కోసం దాచనక్కర్లేదు.

మరో వింత ఉంది. మద్యనిషేధం మీద ప్రభుత్వాన్ని పడగొట్టిన ఉద్యమ నాయకుడు, మద్యనిషేధాన్ని మొదలుపెట్టిన రాజాజీ పార్టీలో చేరారు. రాజాజీ చివరిదాకా మనసు మార్చుకోలేదు. 1971లో తమిళనాడులో కరుణానిధి ప్రభుత్వం నిషేధాన్ని సడలించబోతే వద్దని వేడుకున్నారు. వీరిద్దరూ ఒకే గొడుగు కింద ఎలా ఉన్నారు? పార్టీ ప్రకటించిన 21 మూల సూత్రాల్లో ఒకటి దీనికి దారి ఇచ్చింది. మూల సూత్రాల పరిధిలోకి రాని విషయాల్లో సభ్యులు తమ అభిప్రాయం ప్రకారం నడుచుకోవచ్చునని అది చెప్పింది. నేటి పార్టీ విప్‌లకు అలవాటుపడిన మీకు ఇది విచిత్రంగా తోచవచ్చు.

1962లో 300 స్థానాల ఆంధ్రప్రదేశ్ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19, 1967లో 287 స్థానాల్లో 29 దక్కాయి. ఇంత చిన్న బలంతో ప్రభుత్వాన్ని కదిలించడం కష్టం. ప్రశ్నలు, కోత తీర్మానాలు, బడ్జెటు చర్చలు, వీధిలో ఆందోళన, ఇవే ఆయుధాలు. శాసనసభ చర్చల సంపుటాలు పెద్ద గ్రంథాలయాల్లో ఉంటాయి. వీలున్నవారు ఒక్క సంపుటమైనా తిరగేయండి, పాఠ్యపుస్తకం చెప్పనివి చాలా తెలుస్తాయి.

1967లో లచ్చన్న సోంపేట అసెంబ్లీ స్థానంతో పాటు శ్రీకాకుళం లోక్‌సభ స్థానమూ గెలిచారు. ఢిల్లీకి వెళ్లలేదు. లోక్‌సభ స్థానం వదులుకోగా, ఉపఎన్నికలో రంగా అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్లారు. దీన్ని గురుభక్తి అనే అందరూ చెబుతారు. కాదనను. కానీ శాసనసభే తన చోటు అని ఆయన అనుకున్నారని కూడా నాకు అనిపిస్తుంది. భూమి, అబ్కారీ రెండూ రాష్ట్ర జాబితాలోని విషయాలు.

పార్టీ పోయాక

1967లో లోక్‌సభలో 44 స్థానాలతో అతిపెద్ద ప్రతిపక్షంగా నిలిచిన పార్టీ 1971లో 8కి పడిపోయింది. ఇందిరాగాంధీ పేదరికాన్ని తొలగిస్తామన్న చోట, రాజభరణాలు రద్దు చేయరాదనే పార్టీకి పల్లెల్లో చెప్పడానికి మాట కరువైంది. 1972లో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో మిగిలినవి రెండే స్థానాలు. ఆ ఏడాది డిసెంబరులో రాజాజీ మరణించారు. రంగా కాంగ్రెస్‌కు తిరిగి వెళ్లిపోయారు. లచ్చన్న వెళ్లలేదు. గురువును వదిలిపెట్టిన సందర్భం ఆయన జీవితంలో ఇదే కావచ్చు.

1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో ఆయన ముందు వరుస నాయకుల్లో ఒకరు. ముల్కీ నిబంధనల తీర్పు దానికి తక్షణ కారణం. అదే సమయంలో పి.వి. నరసింహారావు ప్రభుత్వం తలపెట్టిన భూపరిమితి సంస్కరణలు కోస్తా భూస్వాముల్లో రేపిన కోపం కూడా ఉద్యమానికి ఊతమిచ్చిందని పలువురు చరిత్రకారులు భావిస్తారు. ఈ రెండిట్లో దేనికెంత పాలు అన్నది మీరు చర్చించదగిన ప్రశ్న.

1974లో స్వతంత్ర పార్టీ చరణ్‌సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. నాగపూర్ తీర్మానాన్ని లోపల ఉండి వ్యతిరేకించినవారు, బయటికి వచ్చి వ్యతిరేకించినవారు పదిహేనేళ్లకు ఒక చోట చేరారు. ఎమర్జెన్సీ తరువాత అది జనతా పార్టీలో భాగమైంది. 1978 ఎన్నికల్లో రాష్ట్రంలో జనతాకు 60 స్థానాలు వచ్చాయి. సోంపేట నుంచి మళ్లీ గెలిచిన లచ్చన్న శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 68. 2006 ఏప్రిల్ 19న మరణించేనాటికి ఉత్తరాంధ్రలో ప్రజలు ఆయన్ని పిలిచేది సర్దార్ అనే. ఆ బిరుదు ప్రభుత్వం ఇచ్చింది కాదు.

ఇప్పుడు మొదట రాసుకున్న కాగితం తీయండి. మీరు రాసిన మాటల్లో ఏది ఉంచుతారు, ఏది కొట్టివేస్తారు, కారణమేమిటి? పది వాక్యాలు మించకుండా రాసి మీ కౌన్సెలింగ్ తరగతికి తీసుకువెళ్లండి. మీ ఊళ్లో గీత వృత్తి చేసిన పెద్దవారు ఎవరైనా ఉంటే, నిషేధం రోజుల్లో వాళ్లింట్లో ఏం జరిగిందో అడిగి, అది కూడా దానికి జతచేయండి.