మాంచెస్టర్ చెక్క ట్రాక్: కథల్లో దాటేసిన ఆరేళ్లు

వ్యక్తిత్వ వికాసం మీద ప్రసంగించేవాళ్లకు బ్రిటిష్ సైక్లింగ్ జట్టు కథ కొట్టిన పిండి. వందేళ్లలో ఒకే ఒక్క ఒలింపిక్ స్వర్ణం దక్కిన జట్టుకు 2003లో డేవ్ బ్రెయిల్స్‌ఫర్డ్ సారథిగా వచ్చాడట. ప్రతి చిన్న పనినీ ఒక్క శాతం మెరుగుపరిచాడట. ఇక పతకాలే పతకాలట. లెక్క దగ్గరే ఈ కథ తేలిపోతుంది. 1908ని పక్కన పెట్టినా, 1920లో టాండెమ్ (ఇద్దరు తొక్కే సైకిల్) జంటకూ 1992లో క్రిస్ బోర్డ్‌మన్‌కూ 2000లో జేసన్ క్వీలీకీ స్వర్ణాలు వచ్చాయి. చివరి రెంటికీ నడుమ ఏం జరిగిందన్నదే అసలు ప్రశ్న.

సైక్లింగ్ ఎరిగినవాళ్లు ఇంకో మాట చెబుతారు: 1994లో మాంచెస్టర్‌లో ఇండోర్ వెలోడ్రోమ్ (సైకిల్ పందేల ట్రాక్) కట్టారు, దాంతో దశ తిరిగింది అని. ఇది కొంత నయం. అయినా చాలదు.

పైకప్పు కింద సైకిల్ పందేలు పాత సంగతే. 1878లోనే లండన్‌లో, ఇస్లింగ్టన్ అగ్రికల్చరల్ హాల్లో ఆరు రోజుల పందెం జరిగింది. న్యూయార్క్‌లో రైడర్లు నిద్రలేక సొమ్మసిల్లుతుంటే, రోజుకు పన్నెండు గంటలకు మించి ఒక మనిషి తొక్కరాదని 1898లో చట్టం వచ్చింది. నిర్వాహకులు వెంటనే ఇద్దరేసి రైడర్లను దింపారు. ఆ జంట పందేనికి మాడిసన్ స్క్వేర్ గార్డెన్ పేరే నిలిచిపోయింది. పారిస్‌లో 1910 నాటి వెల్ దివ్ అనే ఇండోర్ ట్రాక్‌ను నేడు పందేలకన్నా, 1942 జూలైలో ఫ్రెంచ్ పోలీసులు వేలాది యూదులను నిర్బంధించిన చోటుగానే ఎక్కువమంది తలుచుకుంటారు. 1959లో దాన్ని కూల్చేశారు. ఈ హాళ్లన్నీ టికెట్ కొన్న జనం కోసం నడిచినవి. సాధన కోసం కావు.

ఒలింపిక్స్ సైతం పైకప్పును ఆలస్యంగానే పట్టించుకుంది. 1976లో మాంట్రియల్, 1980లో మాస్కో ట్రాక్‌లకు కప్పు ఉంది. తర్వాత లాస్ ఏంజెలెస్, సియోల్, బార్సిలోనా, అట్లాంటా నాలుగూ ఆరుబయటే. 2000లో సిడ్నీ నుంచే పైకప్పున్న ట్రాక్ ఆనవాయితీ అయింది.

ఇక మాంచెస్టర్. ఆ నగరం కోరిన 2000 ఒలింపిక్స్ ఆతిథ్యం 1993లో సిడ్నీకి పోయింది. ట్రాక్ మాత్రం ఆగలేదు, 1994 సెప్టెంబర్‌లో తెరిచారు. చుట్టు 250 మీటర్లు, పరిచింది సైబీరియా పైన్ చెక్క, మలుపుల్లో వాలు 42.5 డిగ్రీలు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతూనే ఉండాలి. ఆ వాలు మీద వేగం తగ్గితే టైరు జారి, రైడర్ చెక్కను రాసుకుంటూ కిందికొచ్చి పడతాడు.

కప్పు వల్లే పతకాలు వచ్చుంటే అట్లాంటాలో రావాలి. రెండేళ్లుగా అంత మంచి ట్రాక్ చేతిలో ఉండీ, 1996లో బ్రిటన్‌కు ట్రాక్ పతకం ఒక్కటీ రాలేదు. కొద్ది వారాలకే బోర్డ్‌మన్ అదే మాంచెస్టర్‌లో గంటలో 56.375 కిలోమీటర్లు తొక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే ట్రాక్‌లో లోపం లేదు. పైగా అతని 1992 స్వర్ణం బార్సిలోనా ఆరుబయటి ట్రాక్ మీదిది. నాటికి మాంచెస్టర్ వెలోడ్రోమే లేదు.

1997లో బ్రిటిష్ సైక్లింగ్‌కు జాతీయ లాటరీ సొమ్ము వచ్చింది. అందువల్ల అంతా డబ్బు మహిమ అనేవాళ్లూ ఉన్నారు. లాటరీ నిధులు ఇతర క్రీడలకూ అందాయి, అన్నిటా ఇలాంటి ఫలితం రాలేదు. తేడా పీటర్ కీన్ దగ్గరుందని నా అభిప్రాయం. బోర్డ్‌మన్‌కు శిక్షణ ఇచ్చిన ఈ క్రీడాశాస్త్రవేత్త ఆ నిధులను ముందుగా గడియారం తీర్పు చెప్పే ట్రాక్ పోటీల మీద పెట్టాడు. రోడ్డు పందెంలో గాలి, ప్రత్యర్థుల ఎత్తులు, అదృష్టం అన్నీ కలగాపులగం. ట్రాక్ మీద ఒక రైడర్ నేటి వేగాన్ని నెల తర్వాతి వేగంతో పోల్చవచ్చు. ఆ పోలికకు వీలిచ్చినందుకే పైకప్పు విలువైనది. వాన తడపకపోవడం దాని ముందు చిన్న సంగతి. సైక్లింగ్ సమాఖ్య కార్యాలయమూ మాంచెస్టర్ ట్రాక్ ప్రాంగణంలోనే ఉండటంతో రైడర్లూ కోచ్‌లూ అధికారులూ రోజూ ఎదురుపడేవాళ్లు.

ఈ వాదనను మరీ లాగకూడదు. బ్రిటిష్ ట్రాక్ ఛాంపియన్ క్రిస్ హోయ్ నేర్చుకున్నది ఎడిన్‌బరోలోని మెడోబ్యాంక్‌లో, వాన పడితే సాధన ఆగిపోయే ట్రాక్ మీద. పైకప్పు కూడా వాతావరణాన్ని పూర్తిగా ఆపలేదు. 2015లో లండన్ ఇండోర్ ట్రాక్ మీద గంట రికార్డుకు తొక్కిన బ్రిటిష్ రైడర్ బ్రాడ్లీ విగిన్స్ 54.526 కిలోమీటర్ల దగ్గర ఆగడంలో ఆనాటి అధిక వాయుపీడనానికీ వాటా ఉంది. అయినా సిడ్నీలో క్వీలీ స్వర్ణంతో కలిపి నాలుగు ట్రాక్ పతకాలొచ్చాయి, బ్రెయిల్స్‌ఫర్డ్ పగ్గాలు పట్టకముందే. 2008లో బీజింగ్‌లో పదికి ఏడు స్వర్ణాలు గెలిపించిన ఘనత అతనిదే, కాదనను. కానీ అతను ఎక్కింది అప్పటికే పునాది పడిన ఇంటి మీద.

ఇప్పుడు ఆ మార్గం ఇతర దేశాలకూ తెలిసింది. 2024లో పారిస్‌లో బ్రిటన్‌కు దక్కిన ట్రాక్ స్వర్ణం ఒక్కటే, మహిళల టీమ్ స్ప్రింట్‌లో. గెలుపు పంచుకోవడం మంచిదే. నా అభ్యంతరం వేరు: ప్రతిచోటా అదే 250 మీటర్లు, అదే చెక్క అయ్యాక ఒక్కో ట్రాక్‌కు ఉండే స్వభావం పోయింది. పాత హాళ్ల జనసందడిలో సగమైనా నేటి పోటీల్లో కనిపించదు.

మన దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 2002 జాతీయ క్రీడలప్పుడు వెలసిన వెలోడ్రోమ్ ఆరుబయటిది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఇండోర్ ట్రాక్ కట్టారు. క్రీడలు ముగిశాక అది వృథా కాకుండా కాపాడింది అక్కడి జాతీయ అకాడమీ. అండమాన్ నికోబార్ కుర్రాడు ఈసో ఆల్బెన్ 2018 జూనియర్ ప్రపంచ పోటీల్లో కీరిన్ అనే ట్రాక్ పందెంలో రజతం తెచ్చాడు. మరుసటి ఏడాది జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణమే వచ్చింది. ఇంత జరిగీ పారిస్ ఒలింపిక్స్ ట్రాక్‌లో భారత్ తరఫున ఒక్కరూ లేరు. ఈ వెలితికి విరుగుడుగా మరో వెలోడ్రోమ్ కట్టాలనడం నాకు నచ్చదు. మాంచెస్టర్‌లో 1997 తర్వాతి సొమ్ము రైడర్ల భృతికీ కోచ్‌ల జీతాలకూ వెళ్లింది. ట్రాక్ అప్పటికే ఉంది.