ఎర్ర పెన్సిల్‌కి తిరిగొచ్చిన దేశం

హైదరాబాద్ మౌలాలిలో పెరిగినవాళ్లకు ఈవీఎం పరాయి వస్తువు కాదు. దేశం మొత్తానికి వాటిని తయారుచేసేవి రెండే సంస్థలు. అందులో ఒకటైన ఈసీఐఎల్ మన పక్కనే ఉంది. ఈ యంత్రాలను నమ్మవచ్చా అని ఎన్నికలైన ప్రతిసారీ రాజుకునే తగవూ మనకు కొత్త కాదు. ఓడినప్పుడు అనుమానించినవాళ్లు గెలిచాక ఆ ఊసే ఎత్తరు. నేనుంటున్న నెదర్లాండ్స్ మాత్రం ఆ తగవును చివరిదాకా తీసుకెళ్లి తేల్చుకుంది.

ఇక్కడ ఓటింగ్ యంత్రాలు 1960ల నుంచే ఉన్నాయి. 2006 నాటికి పది ఓట్లలో దాదాపు తొమ్మిది నెడాప్ కంపెనీ యంత్రాల మీదే పడేవి. కాగితం ఆనవాలే ఉండేది కాదు. ఆ ఏడాది రోప్ గోంగ్రైప్ అనే హ్యాకర్, ఆయన మిత్రులు 'ఓటు కంప్యూటర్లను మేం నమ్మం' అంటూ ఉద్యమం మొదలుపెట్టారు. అక్టోబరులో టీవీలో అందరూ చూస్తుండగా నిమిషాల్లో యంత్రంలోని చిప్పులు మార్చారు. అదే యంత్రంతో చదరంగం కూడా ఆడించారు. మరో కంపెనీ యంత్రాల నుంచి వెలువడే రేడియో తరంగాలను బట్టి ఎవరికి ఓటేశారో దూరం నుంచే పసిగట్టవచ్చని తేలడంతో, నవంబరు ఎన్నికలకు ముందే ప్రభుత్వం వాటిని పక్కన పెట్టింది.

నన్ను ఆలోచింపజేసింది 2007లో విచారణ కమిటీలు చెప్పిన మాట. యంత్రాల గురించి ప్రభుత్వానికి సొంత పరిజ్ఞానం లేదు, అన్నిటికీ కంపెనీల మీదే ఆధారపడింది. 2008లో దేశం కాగితానికి తిరిగొచ్చింది.

ఐదేళ్లు చట్టబద్ధంగా నివసిస్తే విదేశీయులూ ఇక్కడ మునిసిపల్ ఎన్నికల్లో ఓటేయవచ్చు. అలా నేనూ వేశాను. బ్యాలెట్ పరిస్తే చిన్న దుప్పటంత ఉంటుంది. అభ్యర్థి పేరు పక్కనున్న గుండ్రాన్ని ఎర్ర పెన్సిల్‌తో నింపాలి. రాత్రి తొమ్మిదికి పోలింగ్ ముగిశాక కాగితాలు బల్లల మీద గుమ్మరించి, పార్టీలవారీగా వేరుచేసి లెక్కపెడతారు. ఎవరైనా వెళ్లి నిలబడి చూడవచ్చు.

గోంగ్రైప్ కథ మన ఊరిదాకా వచ్చింది. 2010లో హైదరాబాద్ ఇంజనీరు హరి ప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ హాల్డర్‌మన్‌లతో కలిసి గోంగ్రైప్ భారత ఈవీఎంను పరీక్షించి, లోపాలు చూపించారు. ఆ యంత్రం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందన్న కేసులో ప్రసాద్ అరెస్టయ్యారు. కాగితపు ఆధారం తప్పనిసరని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఇప్పుడు మన ఓటు చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడుతుంది.

డచ్చివాళ్ల పద్ధతి మనకు యథాతథంగా పనికిరాదు. బూత్ ఆక్రమించి కట్టలకు కట్టలు బ్యాలెట్లు గుద్దిన రోజులు చూశాం. నిమిషానికి కొన్ని ఓట్లకు మించి పడనివ్వని యంత్రం ఆ దౌర్జన్యానికి అడ్డుకట్ట వేసింది. అభ్యర్థులు ఎక్కువైనా యంత్రం పనికొచ్చింది: 2019లో నిజామాబాద్‌లో 185 మంది పోటీచేస్తే, పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టి పోలింగ్ జరిపించారు.

అయితే చీటీ ఉన్నది లెక్కపెట్టడానికే. అసెంబ్లీ సెగ్మెంటుకు ఐదు బూత్‌ల చీటీలే లెక్కిస్తున్నారు. మిగతావి లెక్కించమని అభ్యర్థి అడగవచ్చు గానీ, ఒప్పుకోవాలో లేదో రిటర్నింగ్ అధికారి నిర్ణయిస్తారు. ఆ లెక్కింపు ఓడిన అభ్యర్థికి హక్కు కావాలి. ఫలితం ఒక రోజు ఆలస్యమైతే దేశానికి వచ్చే నష్టమేమీ లేదు. తన ఓటు లెక్కలో చేరిందని పౌరుడు కళ్లారా చూసుకోలేకపోతేనే నష్టం.