ఈత సూట్ల నిబంధనలు, స్ప్రింట్ రికార్డుల ఆయుష్షు

ఈతలో స్ప్రింట్ అంటే ప్రధానంగా 50, 100 మీటర్ల పోటీలు. వీటిలో ఒక ప్రపంచ రికార్డు ఎన్నేళ్లు నిలుస్తుందన్నది ఈతగాళ్ల సత్తాతో పాటు, ఆ కాలంలో ఏ సూటుకు అనుమతి ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. 2008, 2009 నాటి రికార్డులే ఇందుకు రుజువు.

రష్యా ఈతగాడు అలెగ్జాండర్ పొపోవ్ 2000 జూన్‌లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 21.64 సెకన్లలో ముగించాడు. ఏడేళ్లకు పైగా ఆ రికార్డు కదల్లేదు. 2008 ఫిబ్రవరిలో స్పీడో సంస్థ ఎల్‌జెడ్‌ఆర్ రేసర్ సూటును విడుదల చేసింది. ఆ నెలలోనే ఆస్ట్రేలియాకు చెందిన ఈమన్ సలివన్ 21.56తో పొపోవ్‌ను దాటాడు. 2009 డిసెంబరు 18న సావో పాలోలో బ్రెజిల్ ఈతగాడు సీజర్ సియెలో దాన్ని 20.91కి దించాడు. అంతకాలం వందో వంతు కూడా తగ్గని సమయం రెండేళ్లు నిండకుండానే 0.73 సెకను తగ్గిపోయింది.

కుందుర్పి లాంటి కరువు మండలాల్లోనూ వ్యవసాయ బావుల్లో నీళ్లున్న రోజుల్లో, ఈత నేర్చుకునే పిల్లల నడుముకు బెండు కట్టేవారు. 2008, 2009 నాటి పాలియురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సూటు చేసిన పని కొంతవరకు అదే. నీరు చొరని ఆ పొర ఒంటిని కాస్త పైకి తేల్చేది. కండల్ని బిగించి, నీటి ఒరిపిడిని తగ్గించేది. వందో వంతు సెకనుతో పతకం చేతులు మారే స్ప్రింట్‌లో అది చిన్న సాయమేమీ కాదు.

2009లో రోమ్ ప్రపంచ పోటీల్లో ఏకంగా 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. అప్పటి అంతర్జాతీయ ఈత సమాఖ్య ఫినా 2010 జనవరి 1 నుంచి నేసిన లేదా అల్లిన బట్టతో చేసిన సూట్లనే అనుమతించింది. పురుషులకు నడుము నుంచి మోకాలి వరకు, స్త్రీలకు భుజం నుంచి మోకాలి వరకు హద్దు పెట్టింది. జిప్పులు వద్దంది. అయితే పాత రికార్డులను మాత్రం జాబితాలో అలాగే ఉంచింది.

ఫలితం వెంటనే తెలిసింది. 2011 షాంఘై ప్రపంచ పోటీల్లో నమోదైన కొత్త రికార్డులు రెండే. అందులో ఒకటి సున్ యాంగ్ 1500 మీటర్ల రికార్డు. అతను చెరిపింది 2001 నాటి గ్రాంట్ హాకెట్ సమయాన్ని. అంటే ఆ సుదూర పోటీ రికార్డును సూట్ల కాలం కూడా తుడిచిపెట్టలేకపోయింది.

స్ప్రింట్‌లో జరిగింది వేరు. సియెలో 2009లో రోమ్‌లో నెలకొల్పిన 100 మీటర్ల రికార్డు 46.91ని, మళ్లీ రోమ్‌లోనే, 2022 ఆగస్టులో రుమేనియా కుర్రాడు డేవిడ్ పొపోవిచి 46.86తో దాటాడు. మధ్యలో పదమూడేళ్లు. సియెలో 50 మీటర్ల రికార్డు 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ చెక్కుచెదరలేదు. అక్కడ స్వర్ణానికి 21.25 సెకన్లు సరిపోయాయి. స్త్రీలలో జర్మనీకి చెందిన బ్రిట్టా స్టెఫెన్ 2009లో నెలకొల్పిన రికార్డులు అంతకంటే ముందే పోయాయి: 100 మీటర్లది 2016లో, 50 మీటర్లది 2017లో. కొత్త నిబంధన స్త్రీల సూటులో ఛాతీ, పొట్ట భాగాలను మిగిల్చింది, పురుషులకు అవీ లేకుండా చేసింది. ఈ తేడాకు అదొక ముఖ్య కారణమనిపిస్తుంది.

భారత్‌లో కొల్హాపూర్‌కు చెందిన విర్ధవల్ ఖాడే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో, అంటే బట్ట సూట్ల కాలంలోనే, 50 మీటర్లలో 22.43తో జాతీయ రికార్డు సాధించాడు. ఫైనల్లో 0.01 సెకను తేడాతో కాంస్యం చేజారింది.

నిషేధం సబబే. కానీ రికార్డులను రెండు జాబితాలుగా విడదీయకపోవడం ఆ తర్వాతి తరానికి అన్యాయం చేసింది. ఆస్ట్రేలియాకు చెందిన కామెరాన్ మెక్‌ఎవాయ్ 2016లో 100 మీటర్లను 47.04లో ఈదాడు. బట్ట సూటుతో అప్పటివరకు అంత వేగంగా ఈదినవారు లేరు. ఆ ఈతకు ప్రపంచ రికార్డుల పట్టికలో చోటు దక్కలేదు.