కణత్వచం

కణాన్ని పరిసరాల నుంచి వేరుచేసే పలుచని పొర. మందం సుమారు 7–8 నానోమీటర్లు. మామూలు సూక్ష్మదర్శినికి అది అందదు. దీని నిర్మాణం గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఎర్ర రక్తకణం చలవే. క్షీరదాల్లో పక్వమైన ఆ కణానికి కేంద్రకం గానీ లోపలి త్వచాలు గానీ ఉండవు కనుక దాని పైపొర కల్తీ లేకుండా దొరుకుతుంది.

1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ ఎర్రకణాల కొవ్వును నీటి మీద ఒకే అణువు మందాన పరిచి కొలిచారు. ఆ వైశాల్యం కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. అంటే త్వచంలో లిపిడ్లు రెండు వరుసలు. నిజానికి వారు కొవ్వును పూర్తిగా రాబట్టలేదు, కణాల వైశాల్యాన్నీ తక్కువగా లెక్కగట్టారు. రెండు తప్పులూ చెల్లుకు చెల్లు అయ్యాయి, ఫలితం నిలిచింది.

ఫాస్ఫోలిపిడ్ తల నీటిని కోరుతుంది, తోకలు నీటికి దూరం జరుగుతాయి. అందుకే తోకలు ఎదురెదురుగా చేరి వరుసలు వాటంతట అవే ఏర్పడతాయి. ఈ లిపిడ్ ద్రవంలో ప్రోటీన్లు తేలుతూ పక్కలకు కదులుతాయన్నది 1972లో సింగర్, నికల్సన్ ప్రతిపాదించిన ద్రవ మొజాయిక్ నమూనా. అన్నీ కదలవు: ఎర్రకణంలో కొన్నింటిని లోపలివైపున్న స్పెక్ట్రిన్ వల కట్టిపడేస్తుంది. ఆ వలలో పుట్టుకతో లోపముంటే కణం గుండ్రమై ప్లీహంలో చిక్కి నశిస్తుంది.

రెండు వరుసలూ ఒకలాంటివి కావు. ఏ, బీ రక్తవర్గాలను నిర్ణయించే చక్కెర గొలుసులు బయటివైపే ఉంటాయి. ఫాస్ఫాటిడైల్‌సెరైన్ మాత్రం లోపలి వరుసది. అది బయటికి తేలితే భక్షక కణాలు ఆ కణాన్ని మింగేస్తాయి.