ఇంటిలో తపాలా యంత్రము

1971లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున రే టాంలిన్సన్ అను ఇంజనీరు, పక్కపక్కన నున్న రెండు కంప్యూటర్ల నడుమ ఆర్పానెట్ ద్వారా ఉత్తరము పంపెను. ఒక యంత్రము మరొకదానికి ఉత్తరమును ఎట్లు అందింపవలెనో తెలుపు ఎస్.ఎం.టి.పి. నియమావళిని 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ ప్రకటించెను. పెద్ద సంస్థ యంత్రమునకును, ఇంటి యంత్రమునకును అందు భేదము లేదు. అయితే పంపినవాని పేరు నిజమా యని అది అడుగదు. తపాలా కవరుపై ఎవరి పేరైనను వ్రాయవచ్చును గదా! ఇదియు నట్లే.

1978లోనే ఒక కంప్యూటరు కంపెనీ సుమారు 400 మందికి, వారు కోరకయే, ప్రకటన పంపియుండెను. 1990 తరువాత అట్టివి వెల్లువయ్యెను. ఎవరు తెచ్చిన ఉత్తరమునైనను ముందుకు పంపు సర్వరులు అప్పుడు పెక్కు గలవు. ప్రకటనదారులు వానిని వాడుకొనిరి. 1997లో పాల్ విక్సీ ఇట్టి తపాలాకు తోడ్పడు యంత్రముల నిషేధపట్టికను నడపసాగెను.

నేడు ఇంట సర్వరు నెలకొల్పుటకు చిన్న కంప్యూటరు, సొంత డొమైన్ పేరు, ఉచితముగా దొరకు పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రోగ్రాము ఉండవలెను. చిక్కంతయు ఉత్తరము పంపుటలోనే ఉన్నది. తపాలా నడచు 25వ పోర్టును ఇళ్లకు పెక్కు ఇంటర్నెట్ కంపెనీలు మూసివేయుచున్నవి. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, జీమెయిలుకు వచ్చు ఉత్తరములకు ఎస్.పి.ఎఫ్. గాని డి.కె.ఐ.ఎం. గాని ఉండవలెనని కోరుచున్నది. మొదటిది ఆ పేరున ఏ యంత్రములు ఉత్తరములు పంపవచ్చునో తెలుపు పట్టిక. రెండవది ఉత్తరముపై వేయు గణితముద్ర.

ఇంటి తపాలాకు ఈ కష్టము యంత్రలోపము వలన రాలేదు; అపరిచితుని నమ్ము అలవాటు పోవుట వలన వచ్చినది. జీమెయిలులో ఏదైన ఉత్తరపు మూలరూపమును తెరచినచో, ఈ రెండు పరీక్షల ఫలితములను విద్యార్థులు స్వయముగా చూడవచ్చును.