మిస్సమ్మ (1955 చిత్రం)

నాగిరెడ్డి, చక్రపాణి విజయా ప్రొడక్షన్స్ పేరిట నిర్మించిన హాస్య చిత్రం. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. 1955 జనవరి 12న విడుదలైంది. దీనితోపాటే తమిళంలో 'మిస్సియమ్మ' తయారైంది. హిందీలో 'మిస్ మేరీ' (1957) వచ్చింది.

ఇతివృత్తం: అప్పాపురం బడికి పట్టభద్రులైన దంపతులే కావాలన్నది జమీందారు గోపాలం షరతు. అప్పుల్లో ఉన్న క్రైస్తవ యువతి మేరీ (సావిత్రి), నిరుద్యోగి ఎం.టి. రావు (ఎన్.టి. రామారావు) ఉద్యోగం కోసం ఆలుమగలుగా నటిస్తారు. పేరులోనే 'ఎమ్టీ' అన్న చమత్కారం ఉంది. పైకి కాపురం, లోపల కయ్యం. వెన్నెల రాత్రి ఒకే ఇంట్లో ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకునే యుగళగీతం ఈ తంతుకు పరాకాష్ఠ. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే.

మూలం: రవీంద్రనాథ్ మైత్ర బెంగాలీ నాటకం 'మన్మయీ గర్ల్స్ స్కూల్' ఆధారమని ఎక్కువమంది మాట. శరదిందు బందోపాధ్యాయ రచన 'డిటెక్టివ్' ప్రస్తావన కూడా కనిపిస్తుంది. దొంగ దాంపత్యం నాటకానిదనీ, అక్కినేని నాగేశ్వరరావు పోషించిన డిటెక్టివ్ రాజు రెండో రచన ఛాయ అనీ అనుకోవడం సబబు.

పాత్రధారణ: మేరీగా మొదట భానుమతిని తీసుకున్నారు. వరలక్ష్మీ వ్రతం వల్ల సెట్టుకు ఆలస్యమైతే చక్రపాణి క్షమాపణ చెప్పమన్నారనీ, ఆమె తప్పుకున్నారనీ ప్రచారంలో ఉన్న కథనం. నాలుగు రీళ్లు అప్పటికే తీశారని అంటారు. జమీందారు రెండో కూతురు సీత పాత్రకు అనుకున్న సావిత్రి మేరీ కాగా, సీతగా జమున వచ్చారు.

మత ప్రస్తావన: పి. లీల గొంతులో మేరీమాత ప్రార్థనా ఉంది, త్యాగరాజ కృతీ ఉంది, సంగీతం ఎస్. రాజేశ్వరరావు. అయితే మేరీ తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మే అని చివరికి తేలుతుంది. మారువేషంతో మతద్వేషాన్ని ఎగతాళి చేసిన జెరార్ ఊరీ ఫ్రెంచి ప్రహసనం 'రబ్బీ జాకబ్' (1973)లో లూయీ ద ఫ్యునే పోషించిన పివేర్ యూదు గురువు వేషంలో తిరిగి తన దురభిమానాన్ని వదులుకుంటాడు. ఇక్కడ ఎవరూ దేన్నీ వదులుకోనక్కర్లేదు. మతాంతర వివాహమన్న చిక్కును పుట్టుక విప్పేస్తుంది. దీన్ని ఆనాటి ప్రేక్షకుల పట్ల జాగ్రత్త అనవచ్చు, వెనకంజ అనీ అనవచ్చు. కానీ ఆ గుట్టు రట్టయ్యేది కథ చివర్లోనే. అప్పటిదాకా క్రైస్తవురాలైన మేరీనే జమీందారు దంపతులు కన్నకూతురిలా చూసుకున్నారు.